‘పాప్రికా’ అర్థం కాలేదా? ‘ఇది ఎవరి కల’ అని అడిగి చూడండి

‘పాప్రికా’ చూసినవాళ్లని ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. బొమ్మలు అదిరిపోయాయి, కథ మాత్రం బుర్రకెక్కలేదు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, దానికి అసలు అర్థమే లేదు, డైరెక్టరు తోచినట్టు తీసుకుంటూ పోయాడు అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సతోషి కోన్ అనే జపాన్ దర్శకుడు 2006లో తీసిన ఈ యానిమేషన్ సినిమా గంటన్నర ఉంటుంది, అందులో తోచినట్టు పెట్టిన షాట్ ఒక్కటి కూడా నాకు కనబడలేదు. తికమక పెడుతుంది, నిజమే. కానీ ఆ తికమకకి ఒక లెక్క ఉంది, ఆ లెక్క పట్టుకుంటే సినిమా చక్కగా విప్పుకుంటుంది. కథంతా చెప్పేస్తున్నాను, ముగింపుతో సహా. చూడనివాళ్లు కూడా చదవొచ్చు, ఈ సినిమాకి కథ ముందే తెలియడం వల్ల పోయేదేమీ లేదు.

దసరా సెలవులకి విజయనగరంలో మా ఇంట్లో అందరూ చేరినప్పుడు ఇది టీవీలో పెట్టాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావయ్య ఊరేగింపు సీను చూసి, "ఏట్రా ఇది, ఫ్రిజ్జు నడిచెల్లిపోతందేటి?" అన్నారు. ఆయనకది నచ్చింది, కళ్లు తిప్పలేదు. మా తమ్ముడు మాత్రం మొదటి నుంచీ ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, ఇది కలా నిజమా?" ప్రతి సీనుకీ అదే. సగం సినిమా అయ్యేసరికి విసిగిపోయి ఫోను తీసుకున్నాడు. వాడి తప్పేం లేదు, అందరం అలాగే చూస్తాం. ఇంతకుముందు చూసిన సినిమాలు మనకి అదే నేర్పాయి. హీరో ఉలిక్కిపడి లేచి, చెమట తుడుచుకుని, మంచినీళ్లు తాగితే అంతవరకూ జరిగింది కల, ఇక మీదట నిజం. ఇక్కడ ఆ మంచినీళ్ల గ్లాసు లేదు. లేచాడనుకున్నవాడు ఇంకా నిద్రలోనే ఉంటాడు, ఆఫీసులో మామూలుగా నడుస్తున్నవాడు కలలోకి జారిపోతాడు. కాబట్టి కలా నిజమా అని అడిగినంతసేపూ జవాబు దొరకదు. ఇది ఎవరి కల అని అడిగితే ప్రతిసారీ దొరుకుతుంది. ఆ ప్రశ్న పట్టుకునే రాస్తున్నాను.

ముందు కథ. ఒక మానసిక వైద్య పరిశోధన సంస్థ. అందులో తొకిత అనే మహా మేధావి, భారీ మనిషి, మనసు మాత్రం చిన్నపిల్లాడిది. డీసీ మినీ అని తలకి పెట్టుకునే చిన్న పరికరం తయారుచేస్తాడు. దాంతో నిద్రపోతున్న మనిషి కలని తెర మీద చూడొచ్చు, రికార్డు చేయొచ్చు, లోపలికి వెళ్లి ఆ మనిషితో మాట్లాడనూవచ్చు. అత్సుకో చిబా అనే డాక్టరు దాన్ని వైద్యానికి వాడుతుంటుంది. పైకి ఆమె బిగుసుకుపోయిన, నవ్వని మనిషి. రోగి కలలోకి వెళ్లినప్పుడు మాత్రం ఎర్ర జుట్టు, గలగలా మాటలు, ఎక్కడికి కావాలంటే అక్కడికి దూకేసే పాప్రికా అనే అమ్మాయి అయిపోతుంది. ఇంకా అనుమతి రాని పరికరం కనక ఈ వైద్యం గుట్టుగా సాగుతుంటుంది. ఇంతలో మూడు డీసీ మినీలు దొంగతనం పోతాయి. ఎవరి చేతిలోకి వెళ్లిందో వాడు ఇతరుల మెదడులోకి చొరబడుతున్నాడు. తాళం పెట్టే ఏర్పాటు తొకిత ఇంకా పూర్తి చేయలేదు. దొంగ ఎవరో తేల్చడమే మిగతా కథ, ఆ దొంగ సంస్థ ఛైర్మన్ ఇనుయ్, ఆయనకి తోడు ఒసనయ్ అనే అందగాడైన డాక్టరు. అంతే. నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు.

మన ఉషా పరిణయం కథలో ఉష కలలో చూసిన యువకుడెవరో తెలియక బెంగపెట్టుకుంటే, చెలికత్తె చిత్రలేఖ దేవతల దగ్గర్నుంచి యాదవుల దాకా అందరి బొమ్మలూ గీసి చూపిస్తుంది, అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష సిగ్గుతో తల దించుకుంటుంది. ఒకరి కలని బొమ్మగా బయటికి తీయడం అనే ఊహ మనకీ పాతదే. కాకపోతే అక్కడ కల ఉషది, తన చెలికత్తెకి తానే చెప్పుకుంది. ఈ సినిమాలో భయం మొదలయ్యేది అడక్కుండా లోపలికి వచ్చినప్పుడే.

ఆ చొరబాటు మొదటిసారి ఎలా చూపించాడో కాస్త దగ్గరగా చూడండి. వీళ్ల విభాగం పెద్ద షిమ అని, పొట్టిగా ఉండే ముసలాయన. చిబా, తొకితలతో కలిసి ఛైర్మన్ దగ్గర పంచాయితీ నడుస్తుంటుంది. షిమ మామూలు గొంతుతో, మామూలు అధికారి ధోరణిలోనే మాట్లాడుతూ ఉంటాడు. వాక్యాల్లో వ్యాకరణం ఎక్కడా తప్పదు. మెల్లగా మాటలు మాత్రం మారిపోతాయి, కప్పలు, వాయిద్యాలు, కాగితాల సుడిగాలి అంటూ పొంతన లేని వస్తువులు వచ్చి కూర్చుంటాయి. వింటున్నవాళ్లకి ఒక్క క్షణం అర్థం కాదు, మనకీ కాదు, సబ్‌టైటిల్ ఏదో తప్పు పడిందేమో అనిపిస్తుంది. తర్వాత ఆయన ఆనందంగా పరిగెత్తుకెళ్లి కిటికీ అద్దం పగలగొట్టుకుని కిందికి దూకేస్తాడు. బతుకుతాడులెండి. కానీ ఆ సీనులో దర్శకుడు చేసిన పని గమనించండి: తెర మీద కల కనబడలేదు, గది మారలేదు, రంగు మారలేదు. భాష ఒక్కటే మారింది. ఎవరి కల ఇది? షిమది కాదు. షిమ నోట్లో ఇంకెవరో మాట్లాడుతున్నారు. అప్పటినుంచి సినిమాలో ఎవరు కాస్త తేడాగా మాట్లాడినా మన గుండె జారుతుంది.

తర్వాత చిబాకే అది జరుగుతుంది. దొంగతనంలో అనుమానితుడైన హిమురో, అంటే తొకిత సహాయకుడు, అతని ఫ్లాటుకి వెళ్తుంది, అక్కడ లోపలికి ఒక దారి కనబడుతుంది, ఆ దారిలో పాడుబడిన అమ్యూజ్‌మెంట్ పార్కు, ఒక బొమ్మ వెంట నడుస్తూ కంచె దాటబోతుంది. కంచె అనుకున్నది నిజానికి ఆ ఫ్లాటు బాల్కనీ రెయిలింగు. ఆఖరి క్షణంలో ఆపకపోతే అంత ఎత్తు నుంచి కిందపడేది. పరికరం పెట్టుకోకుండానే ఇలా ఎలా జరిగింది అంటే, ఒకసారి అలవాటైన మెదడుకి తర్వాత పరికరం లేకపోయినా దారి తెరిచే ఉంటుందని సినిమా చెప్తుంది. ఈ ఒక్క డైలాగు జారవిడిస్తే మిగతాది అయోమయమే. మా తమ్ముడు ఫోను తీసింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు అసలు కిటుకు, కట్, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారడం. కోన్ సినిమాలన్నిట్లో ఉన్నదే, ఇందులో పరాకాష్టకి వెళ్లింది. ఒక మనిషి ఒక చోట పరుగు మొదలుపెడతాడు, ఆ అడుగు ఇంకో చోట పడుతుంది. ఒక గదిలో దూకితే అడవిలో దిగుతుంది. ఒక ముఖం మీద నుంచి అలాంటి ఆకారమే ఉన్న ఇంకో వస్తువు మీదికి కథ జారిపోతుంది. మన కన్ను కదలికని వెంబడిస్తుంది, కదలిక తెగలేదు కనక చోటు మారిందని వెంటనే పట్టుకోదు. పట్టుకునేసరికి మనం అప్పటికే లోపలున్నాం. కలల్లో కూడా జరిగేది ఇదే కదా. బొబ్బిలి బస్సెక్కుతాం, దిగితే చిన్నప్పటి స్కూలు, అక్కడ పరీక్ష రాస్తుంటే పక్కన చనిపోయిన తాతగారు కూర్చుని ఉంటారు, అందులో వింతేమీ తోచదు. టైటిల్స్ చూడండి ఒకసారి. పాప్రికా హోర్డింగులోంచి బయటికి వచ్చి, వీధిలో వెళ్తున్న కుర్రాడి టీషర్టు మీది బొమ్మలో దూరి, అద్దాల్లోంచి జారి, తెల్లారేసరికి కారులో ఉన్న చిబాగా తేలుతుంది. ఒక్క డైలాగు లేదు. చిబా, పాప్రికా ఒక్కరే అని ఆ రెండు నిమిషాల్లో చెప్పేశాడు. మాటలకోసం ఎదురుచూసేవాళ్లకి అది దాటిపోతుంది.

మామూలు సినిమాలో ఇది చేయాలంటే గ్రాఫిక్స్ వాడాలి, ఎంత బాగా చేసినా నటుడికీ గ్రాఫిక్సుకీ మధ్య అతుకు ఎక్కడో కనబడుతుంది, అది కల అని కన్నుకి తెలిసిపోతుంది. బొమ్మల సినిమాలో ఆఫీసు గదీ గీసినదే, నడిచే ఫ్రిజ్జూ గీసినదే, రెంటికీ ఒకే చెయ్యి. అతుకు లేదు. అందుకే ఈ కథ యానిమేషన్‌లో తప్ప ఇంకెక్కడా ఇంత బాగా కుదరదని నా నమ్మకం. మూలం యసుతాక త్సుత్సుయి 1993 నాటి నవల. సినిమా తీసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో.

కలల సైన్సు సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, సినిమా దాని మీద గట్టిగానే నిలబడింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఏసరిన్‌స్కీ, నతానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రలో కళ్లు రెప్పల కింద చకచకా కదిలే దశ ఒకటి ఉందని చూపించారు. దాన్నే రెమ్ నిద్ర అంటారు. గాఢంగా, కథలా సాగే కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. రాత్రంతా నిద్ర సుమారు గంటన్నరకో చుట్టు చొప్పున తిరుగుతుంది, మొదటి చుట్లలో రెమ్ కొద్ది నిమిషాలే, తెల్లారే కొద్దీ పెరుగుతుంది. పాప్రికా కూడా ఒకచోట ఇదే అంటుంది, మొదటి నిద్రలో వచ్చేవి పొట్టి ఆర్టు సినిమాల్లాంటివి, పొద్దుటి పూటవి పెద్ద కమర్షియల్ సినిమాలు అని. తెల్లారగట్ల వచ్చిన కల నిజమవుతుందని మా ఇళ్లల్లో అంటారు. నిజమవుతుందో లేదో గానీ, తెల్లారగట్ల కల పొడుగ్గా ఉంటుంది, దాని మీదే మెలకువ వస్తుంది కనక గుర్తుంటుంది, గుర్తున్న కలకే కదా మనం అర్థం వెతుక్కునేది.

రెమ్‌లో ఇంకో రెండు జరుగుతాయి. భావాలకి సంబంధించిన భాగాలు చురుగ్గా ఉంటాయి, తర్కించి ఇది నిజమేనా అని నిలదీసే ముందు మెదడు భాగాలు నెమ్మదిస్తాయి, అందుకే కలలో తాతగారిని చూసి ఆశ్చర్యపోం. రెండోది, ఒంట్లో కండరాలు దాదాపు చచ్చుబడినట్టు అయిపోతాయి, కలలో పరిగెత్తినా మంచం మీద కాళ్లు కదలవు. ఈ రెండోది మనకి కాపలా. షిమ కిటికీలోంచి దూకాడంటే ఆ కాపలా పోయిందన్నమాట, కల ఉంది గానీ కాళ్లు కదులుతున్నాయి. సినిమాలో ప్రమాదమంతా ఆ ఒక్క తాళం తీయడంలోనే ఉంది. దర్శకుడు దీన్ని పాఠంలా చెప్పలేదు, ముసలాయన్ని పరిగెత్తించి చూపించాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, చాలామంది పట్టించుకోకుండా వదిలేసేది, డిటెక్టివ్ కొనకావ. దొంగతనం కథ ఒక పక్క, ఈయన కథ ఇంకో పక్క. సినిమా మొదలయ్యేదే ఈయన కలతో. సర్కస్‌లో నేరస్థుడి కోసం మాటు వేసి ఉంటాడు, మాంత్రికుడు ఈయన్నే బోనులో పడేస్తాడు, చూస్తున్న జనమంతా మీద పడతారు, వాళ్లందరికీ ఈయన ముఖమే ఉంటుంది. అక్కడి నుంచి అడవిలో ఊడ పట్టుకుని ఊగడం, రైల్లో ఎవడో గొంతు నులమడం, ఆఖరికి ఎర్ర తివాచీ పరిచిన పొడుగాటి వరండా. వరండాలో ఒక మనిషి తుపాకీ దెబ్బ తిని గాల్లో తేలుతున్నట్టు మెల్లగా వాలిపోతాడు. కాల్చినవాడు పారిపోతుంటే ఈయన వెంటపడతాడు, కాళ్ల కింద నేల మెత్తబడి అలల్లా ఊగిపోతుంది, అడుగు సాగదు. అక్కడ మెలకువ వస్తుంది. మిగతాది ఏం చేస్తావు అనే గొంతు ఒకటి వినబడుతుంటుంది.

ఆయన విచారిస్తున్న హత్య కేసు ఒకటుంది, తేలలేదు. అందుకే ఈ కల అనుకుంటాడు, మనమూ అదే అనుకుంటాం. కానీ కలలో వచ్చిన దృశ్యాలన్నీ సినిమాల్లోవి అని గమనించండి. సర్కస్, అడవి మనిషి, గూఢచారి రైలు, అన్నీ రకరకాల సినిమా సీన్లు. ఈయన మాత్రం సినిమాలంటే నాకు గిట్టదు అంటాడు. గిట్టని మనిషి కలలో సినిమా సీన్లెందుకు? పాప్రికా అక్కడే పట్టుకుంటుంది. ఒక సీనులో ఆయన సినిమా డైరెక్టరు టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కెమెరా ఎటు దాటకూడదో, లెన్సు దగ్గరినీ దూరాన్నీ ఒకేసారి ఎలా చూపుతుందో గడగడా చెప్పేస్తాడు. గిట్టనివాడికి ఇంత తెలుస్తుందా? నిజమేమిటంటే కుర్రతనంలో ఆయనా, ప్రాణ స్నేహితుడూ కలిసి ఒక చిన్న సినిమా తీస్తున్నారు. ఒకడు పోలీసు, ఒకడు పారిపోయేవాడు. ఈయన మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. స్నేహితుడు ఆ దారిలోనే సాగి, తర్వాత చనిపోయాడు. వరండాలో వాలిపోయే మనిషి హత్య కేసులో హతుడు ఒక్కడే కాడు. మిగతాది ఏం చేస్తావు అన్న గొంతు ఆ స్నేహితుడిది, సగంలో ఆగిన సినిమా గురించి.

కలలు ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకడిని చేస్తాయి, ఒక బాధని ఇంకో దాని మీదికి నెట్టేస్తాయి అని సిగ్మండ్ ఫ్రాయిడ్ వందేళ్లకి ముందే కలల మీద రాసిన పుస్తకంలో వివరించాడు. 1899లో అచ్చయిన ఆ పుస్తకం మీద 1900 అని వేశారు. ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నేటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. కానీ కొనకావ కల మాత్రం అచ్చంగా ఆ పద్ధతిలో అల్లినదే. హతుడూ, స్నేహితుడూ, తానూ ముగ్గురూ ఒక్క దేహంలో వాలిపోతుంటారు. ఎవరి కల అని అడిగితే ఇక్కడ జవాబు అందంగా ఉంటుంది: కల ఆయనదే, దాంట్లో కథ మాత్రం ఇద్దరిదీ. తర్వాత ఆయన సినిమా హాల్లో కూర్చుని ఉంటే, తెర మీద ఒసనయ్ చేతిలో చిక్కుకున్న పాప్రికా కనబడుతుంది, తెర చీల్చుకుని లోపలికి దూకుతాడు. ఆ తరమడంలో మళ్లీ అదే వరండా వస్తుంది, ఈసారి నేల గట్టిగా ఉంటుంది, ఒసనయ్‌ని కాల్చేస్తాడు. పోలీసు, దొంగ, పరుగు, తుపాకీ, అప్పుడు వదిలేసిన సీను పూర్తయింది. ఇదంతా తెలిశాక మొదటి పది నిమిషాలు మళ్లీ చూస్తే ప్రతి చిన్న ముక్కా తన చోట కూర్చుంటుంది. ఆయన ఇంటర్నెట్‌లో వెళ్లే బారులో ఇద్దరు సర్వర్లు ఉంటారు, ఆయన్ని ఓపిగ్గా వింటూ దారి చూపిస్తుంటారు. ఆ ఇద్దరికీ గొంతు ఇచ్చింది నవల రాసిన త్సుత్సుయి, సినిమా తీసిన కోన్.

ఊరేగింపు సంగతికి వద్దాం. ఫ్రిజ్జు ముందు నడుస్తుంటే వెనకాల వాయిద్యాలు మోగించే కప్పలు, జపాన్ పండగ బొమ్మలు, చెయ్యూపే పిల్లి బొమ్మలు, గుడి తోరణాలు, స్వేచ్ఛా విగ్రహం, రోబోలు, గాలినిండా రంగు కాగితాలు. సుసుము హిరసావ సంగీతం, అందులో వోకలాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ పాడిన గొంతు కూడా ఉంది, మనిషిదో కాదో తెలియని ఆ గొంతే సగం మత్తు. రంగులు మరీ మరీ నిండుగా, కళ్లకి తీపి ఎక్కువైనట్టు ఉంటాయి. అందులో ఉన్నవన్నీ దాదాపు మనుషులు వాడి పారేసినవో, ఆడి వదిలేసినవో, మొక్కి మరిచిపోయినవో. అవి లేచి నడిచి వస్తున్నాయి, రమ్మంటున్నాయి.

మా ఊళ్లో పుట్టిపెరిగినవాళ్లకి వీధి నిండా అబ్బురాలు నడిచి రావడం కొత్తేమీ కాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, జాలరి వల, వాటితోపాటు ఆకాశంలోకి లేచిన చెట్టు మాను, దాని కొసన ఆసనంలో పూజారి, మూడు లాంతర్లు అనే కూడలి నుంచి కోటకి మూడుసార్లు వెళ్లి రావడం, అరటిపళ్లు విసిరే జనం. దీనికి మొదలు కూడా ఒక కలే. ఆ ఏడు మాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో వచ్చి చెప్తుందని నమ్మకం, ఆ చెట్టు వెతికి బొట్టుపెట్టి తెస్తారు. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 తర్వాత అమ్మవారు తాను పెద్ద చెరువులో ఉన్నానని చెప్పిందీ కలలోనే అంటారు. చెరువులోంచి విగ్రహాన్ని తీసిన జాలరులు కనకే ఊరేగింపులో వాళ్ల వల ఉంటుంది. అంటే ఒక మనిషికి వచ్చిన కల వీధిలోకి వచ్చింది, అయితే చెప్పి వచ్చింది, ఊరు ఒప్పుకుంది, ఎవరి వంతు ఏమిటో ఏర్పడింది, ప్రతి దానికీ ఒక కథ ఉంది, ముగిశాక అందరూ తమ తమ ఇళ్లకి వెళ్తారు. లక్షల్లో జనం ఉన్నా ఎవరూ తానెవరో మరిచిపోరు.

‘పాప్రికా’లో ఊరేగింపు దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ ఏ వస్తువుకీ తన కథ లేదు. మొదట అది ఒక రోగి కల, ఆ కలని తీసి షిమ మెదడులో పెట్టారు, తర్వాత హిమురోది, తొకిత దానిలో చిక్కి బొమ్మ రోబో అయిపోతాడు. చేరిన ప్రతివాడూ తన మాట పోగొట్టుకుని దాని మాటే మాట్లాడతాడు. ఆఖరికి అది నగరంలోకి వచ్చేసినప్పుడు, నవ్వుతూ ఆఫీసు ఉద్యోగులు వరసగా మేడ మీద నుంచి దూకుతుంటారు, తలల చోట సెల్‌ఫోన్లు మొలిచినవాళ్లు ఫొటోలు తీస్తుంటారు. 2006లో గీసిన బొమ్మ అది. ఎవరి కల అని అడిగితే జవాబు దొరకనివ్వకుండా చేయడమే ఆ ఊరేగింపు పని. సినిమా కలలంటే భయపడమనట్లేదు, ఒకడి కల అందరి నెత్తినా రుద్దితే ఏమవుతుందో చూపిస్తోంది.

ఛైర్మన్ ఇనుయ్‌ని చూస్తే అది ఇంకా తేటగా తెలుస్తుంది. కలలు పవిత్రం, యంత్రం వాటిని ముట్టకూడదు అంటాడు. వినడానికి ఎంత బాగుంది! నాకైతే మొదటిసారి ఆయన మాటే న్యాయమనిపించింది. కానీ ఆ పేరు చెప్పి అందరి కలలూ తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. చక్రాల కుర్చీ మనిషి కలలో చెట్టు వేళ్లు కాళ్లుగా పాకుతూ వస్తాడు. ఒసనయ్ దేహాన్ని కూడా తీసేసుకుంటాడు. వాడు ఆశపడి తన ఒళ్లే అప్పగించుకున్నాడు. చివర్లో నగరమంత ఎత్తు నల్లటి ఆకారమై నిలబడతాడు. అప్పుడు పాప్రికా రోబోగా మారిన తొకితలో కలిసిపోయి, దాన్లోంచి ఒక పసిపాప పుడుతుంది, ఆ పాప చీకటిని గాలి పీల్చినట్టు పీల్చేస్తూ, పీల్చిన కొద్దీ పెరిగి పెద్దదై, ఇనుయ్‌ని కూడా మింగేస్తుంది. చూసినవాళ్లలో ఎక్కువమంది చేతులెత్తేసే సీను ఇదే. దీనికి ముందు చిబా, పాప్రికా విడిపోయి ఎదురెదురుగా నిలబడి వాదించుకోవడం గుర్తుందా? నువ్వు నాలో భాగం అని చిబా అంటే, నువ్వే నాలో భాగమేమో ఎప్పుడైనా ఆలోచించావా అంటుంది పాప్రికా. సినిమా అంతటా ఇతరుల కలల్లో తిరిగిన మనిషి తన కల ఏమిటో ఒప్పుకోదు. తొకిత అంటే తనకి ఇష్టం, అది కూడా ఒప్పుకోదు. ఒప్పుకున్నాకే రెండు సగాలూ కలిసి ఆ పాప అవుతాయి. ఇనుయ్ ఇతరుల కలల్ని మింగి పెద్దవాడయ్యాడు, ఆమె తన కల తాను తెచ్చుకుని పెద్దదైంది. నేను చదువుకున్న తీరు ఇది, ఇంకో తీరు కూడా కుదరొచ్చు.

సినిమాలో లోపాలు లేవనను. తొకిత మీద చిబా ప్రేమకి ముందునుంచి వేసిన పునాది చాలదు, విసుక్కోవడమే ఎక్కువ కనబడుతుంది, ఆఖర్న హఠాత్తుగా వచ్చిపడినట్టుంటుంది. అతని ఒళ్లు మీద పదే పదే వేసే జోకులు నాకు నచ్చలేదు. ఒసనయ్ పాప్రికాని సీతాకోకచిలకలా బల్లకి గుచ్చి, చర్మం ఒలిచి లోపలున్న చిబాని బయటపెట్టే సీను కథకి అవసరమే, కానీ అది అత్యాచారం లాంటిదే, కడుపులో తిప్పేస్తుంది. బొమ్మల సినిమా కదా అని పిల్లల్ని కూర్చోబెట్టకండి.

చివరికి కొనకావ ఒక సినిమా హాలుకి నడిచి వెళ్తాడు. బయట కోన్ అంతకుముందు తీసిన సినిమాల పోస్టర్లు ఉంటాయి. పాప్రికా చెప్పిన సినిమాకి టికెట్ కొంటాడు. కోన్ పూర్తిచేసిన ఆఖరి సినిమా ఇదే. 2010 ఆగస్టులో క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో 46 ఏళ్లకే పోయాడు, మొదలుపెట్టిన తర్వాతి సినిమా సగంలోనే ఉండిపోయింది. ఇది నచ్చినవాళ్లు 2001 నాటి ‘మిలీనియం యాక్ట్రెస్’ చూడండి, కట్‌తో కాలాలు దాటించే విద్య అందులో ఇంకా మెత్తగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. 1997 నాటి ‘పర్ఫెక్ట్ బ్లూ’ పెద్దవాళ్లకే, అది కూడా గుండె దిటవు చేసుకుని. ‘పాప్రికా’ రెండోసారి పెట్టేటప్పుడు మాత్రం దొంగ ఎవరో వెతకడం మానేసి కొనకావ వెంట వెళ్లండి, సబ్‌టైటిళ్లు చదివే తొందరలో బొమ్మ జారిపోతుంటే కాసేపు చదవడం ఆపండి, ఊరేగింపు వచ్చిన ప్రతిసారీ అందులో కొత్తగా ఎవరు చేరారో చూసుకోండి.